వైద్య పరిశోధన ప్రాధాన్యాలు - ఆరోగ్య ఆర్థికశాస్త్రం : ఉద్దానం నుంచి విశాఖ వరకు

విశాఖపట్నం : ఉత్తరాంధ్ర ప్రజలకు "పెద్దాసుపత్రి" అంటే 1923లో ప్రారంభమైన కింగ్ జార్జి ఆసుపత్రి. అదే సంవత్సరం ఏర్పాటైన ఆంధ్ర వైద్య కళాశాలకు ఇది బోధనాసుపత్రిగా సేవలందిస్తోంది. రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ఇచ్ఛాపురం, కవిటి ప్రాంతాల నుంచి మూత్రపిండాల వ్యాధిగ్రస్తులు దశాబ్దాలుగా ఈ ఆసుపత్రికి వస్తున్నారు. వీరిలో అనేకులకు మధుమేహం గానీ, చిరకాల రక్తపోటు గానీ లేవు. కొబ్బరి, జీడి తోటలలో కూలికి వెళ్లే వారు, చిన్న రైతులు, మత్స్యకారులు వీరిలో అధికం. వ్యాధికి కారణమేమిటన్నది నేటికీ నిర్ధారణ కాలేదు. శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ప్రాంతం ఈ ఒక్క ప్రశ్న వల్లనే ప్రపంచ వైద్య పటంలో చోటు సంపాదించుకున్నది.

రోగులకు చికిత్స అందించడం ప్రభుత్వ బాధ్యత అనడంలో భిన్నాభిప్రాయానికి తావు లేదు. అయితే చికిత్సకు వెచ్చిస్తున్న నిధులతో పాటు, వ్యాధి కారణాన్ని కనుగొనే పరిశోధనకు ఎంత వెచ్చించాలి? ఒకే వ్యాధిపై పది సంస్థలు పది ప్రతిపాదనలతో ముందుకు వచ్చినప్పుడు దేనికి ముందుగా నిధులు ఇవ్వాలి? ఉద్దానం మూత్రపిండాల వ్యాధి, గిరిజన ప్రాంతాలలోని సికిల్ సెల్ రక్తహీనత, పారిశ్రామిక వాడల్లోని శ్వాసకోశ రుగ్మతలు - ఈ మూడింటికీ ఒకే నిధి నుంచి కేటాయింపులు జరపవలసి వచ్చినప్పుడు వాటిని ఏ తూకంతో తూచాలి? సాధారణంగా ఇటువంటి నిర్ణయాలు నిపుణుల సంఘాల అభిప్రాయాన్ని బట్టి, పత్రికలలో వచ్చిన కథనాల తీవ్రతను బట్టి, ఒక్కొక్కసారి దరఖాస్తు చేసిన సంస్థ పలుకుబడిని బట్టి జరుగుతూ వచ్చాయి. వీటికి తోడుగా ఒక లెక్కను కూడా ముందుంచుకోవాలన్నది ఆరోగ్య ఆర్థికశాస్త్రం చేస్తున్న సూచన.

ఈ ఆలోచన ఆంధ్రప్రదేశ్‌కు కొత్తది కాదు. అనారోగ్యం వల్ల సమాజం కోల్పోతున్న ఆయుష్షును, వైకల్యంతో గడుస్తున్న కాలాన్ని కలిపి ఒకే కొలమానంలో చెప్పే "డాలీ" పద్ధతిని ప్రపంచ బ్యాంకు 1993 నాటి ప్రపంచ అభివృద్ధి నివేదిక ద్వారా ప్రచారంలోకి తెచ్చింది. ఆ తరువాత కొద్ది కాలానికే, 1990ల దశకంలోనే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వ్యాధి భారాన్ని ఇదే కొలమానంతో లెక్కించే పని హైదరాబాదులో మొదలైంది. ఐ.ఎ.ఎస్. అధికారి ప్రశాంత మహాపాత్ర నాయకత్వాన అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ, ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెల్త్ సిస్టమ్స్‌లు చేపట్టిన ఈ అధ్యయనం, రాష్ట్ర స్థాయిలో వ్యాధి భారాన్నీ, చికిత్సల వ్యయ-ప్రయోజనాలనూ కలిపి చూసిన తొలి ప్రయత్నాలలో ఒకటి. దేశవ్యాప్తంగా రాష్ట్రాల వారీ లెక్కలు వెలువడడానికి 2017 నవంబరు వరకు ఆగవలసి వచ్చింది. భారత వైద్య పరిశోధన మండలి తదితర సంస్థలు ప్రకటించిన ఆ గణాంకాల ప్రకారం దేశ వ్యాధి భారంలో అసాంక్రమిక వ్యాధుల వాటా 1990లో 30.5 శాతం కాగా, 2016 నాటికి 55.4 శాతానికి చేరుకుంది. అంటు వ్యాధులు, ప్రసూతి, శిశు, పోషకాహార సంబంధ సమస్యల వాటా ఇదే కాలంలో 60.9 శాతం నుంచి 32.7 శాతానికి తగ్గింది.

అయితే వ్యాధి భారం ఎక్కువగా ఉన్న చోటనే పరిశోధన నిధులు ఎక్కువగా ఉండాలన్న వాదన వినడానికి సబబుగా తోచినా, పూర్తిగా సరైనది కాదు. భారం ఎక్కువగా ఉన్న వ్యాధికి చౌకైన చికిత్స ఇప్పటికే తెలిసి ఉంటే అక్కడ కావలసింది పరిశోధన కాదు, అమలు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో 15-49 సంవత్సరాల మహిళలలో 58.8 శాతం మంది రక్తహీనతతో బాధపడుతున్నారు. ఇనుము, ఫోలిక్ యాసిడ్ మాత్రల ప్రయోజనాన్ని మళ్లీ నిరూపించవలసిన అవసరం ఇక్కడ లేదు. మాత్రలు అందుతున్నా వాటిని మింగకపోవడానికి కారణమేమిటన్నదే తేలవలసిన విషయం. ఉద్దానం పరిస్థితి దీనికి పూర్తిగా భిన్నం. అక్కడ భారం ఒక చిన్న ప్రాంతానికి పరిమితం, కాని ఏమి చేస్తే వ్యాధి రాకుండా ఉంటుందో ఎవరికీ తెలియదు. పరిశోధన విలువను నిర్ణయించేది భారం ఒక్కటే కాదు. తెలియనితనం ఎంత ఉన్నది, అది తొలగితే ఏ నిర్ణయం మారుతుంది అన్నవి కూడా. ఆర్థికవేత్తలు దీనినే "సమాచారపు విలువ" అని వ్యవహరిస్తారు.

ఉద్దానం లెక్క

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాలలో వ్యాపించిన ఈ సమస్యపై ఆంధ్ర వైద్య కళాశాలకు చెందిన మూత్రపిండ వైద్య నిపుణులు, డాక్టర్ ఎన్.టి.ఆర్. ఆరోగ్య విశ్వవిద్యాలయం మాజీ ఉపకులపతి డాక్టర్ టి. రవిరాజు తదితరులు 2019లో ప్రచురించిన అధ్యయనంలో సుమారు 2,200 మందిని పరీక్షించగా, దాదాపు 18 శాతం మందిలో దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి లక్షణాలు కనిపించాయి. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ ఆధ్వర్యాన జరిగిన మరొక అధ్యయనం కూడా సమస్య తీవ్రతను ధ్రువీకరించింది. కారణాల విషయంలో మాత్రం ఏకాభిప్రాయం లేదు. భూగర్భ జలాలలోని సిలికా, భార లోహాలు, పురుగుమందుల అవశేషాలు, ఎండలో శ్రమించేటప్పుడు శరీరంలో నీరు తగ్గడం, నొప్పి మాత్రల విచ్చలవిడి వాడకం, జన్యుపరమైన అంశాలు - ఇలా అనుమానితుల జాబితా పెద్దదే. శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రంలోను, మధ్య అమెరికాలోని నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు తోటలలోను ఇటువంటి వ్యాధే ఉన్నది. చెరకు కోత కూలీలలో ఎండ దెబ్బను ప్రధాన అనుమానితురాలిగా ఎంచి అక్కడ నీరు, నీడ, విశ్రాంతి కల్పించే కార్యక్రమాలు చేపట్టారు. తోటల నీడలో పనిచేసే ఉద్దానం కూలీలకు ఆ వివరణ ఎంతవరకు వర్తిస్తుందన్నది విడిగా తేలవలసి ఉన్నది.

రాష్ట్ర ప్రభుత్వం డయాలసిస్ రోగుల పింఛనును 2019లో నెలకు రూ.10 వేలకు పెంచింది. వంశధార జలాలను హిరమండలం జలాశయం నుంచి ఉద్దానం గ్రామాలకు అందించే రూ.700 కోట్ల మంచినీటి పథకం, పలాసలో 200 పడకల ఆసుపత్రి, మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి.

ఇప్పుడు లెక్కకు వద్దాం. ఒక రోగికి వారానికి మూడుసార్ల చొప్పున సంవత్సరానికి 156 సార్లు డయాలసిస్ చేయవలసి వస్తుంది. ఒక్కొక్కసారికి ప్రభుత్వంపై పడే భారం రూ.1,500 అని ఉదాహరణకు అనుకుంటే ఏడాదికి రూ.2.34 లక్షలు అవుతుంది. పింఛను రూ.1.20 లక్షలు కలుపుకుంటే ఒక రోగిపై ఏటా రూ.3.54 లక్షలు, అయిదేళ్లకు రూ.17.70 లక్షలు. వ్యాధి కారణాన్ని కనుగొని, తద్వారా 500 మందిని డయాలసిస్ దశకు చేరకుండా ఆపగలిగితే ఆదా అయ్యే మొత్తం రూ.88.50 కోట్లు. రూ.10 కోట్ల వ్యయమయ్యే ఒక పరిశోధన ఆ ఫలితాన్ని సాధించే అవకాశం అయిదింట ఒకటి అనుకుంటే, దాని నుంచి ఆశించదగిన ఆదా రూ.17.70 కోట్లు. అవకాశం పదింట ఒకటి మాత్రమే అయితే రూ.8.85 కోట్లు. అంటే మొదటి సందర్భంలో ఖజానాకు లాభం, రెండవ సందర్భంలో స్వల్ప నష్టం.

మరొక అంశాన్ని కూడా గమనించాలి. నేడు పెట్టే ఖర్చుకు ఫలితం పదేళ్ల తర్వాత వస్తుంది. ఆరోగ్య సాంకేతికతల మూల్యాంకనానికి దేశంలో అనుసరిస్తున్న మార్గదర్శకాల ప్రకారం భవిష్యత్ ప్రయోజనాలను ఏటా 3 శాతం చొప్పున తగ్గించి చూడాలి. ఆ ప్రకారం పదేళ్ల తర్వాత మిగిలే వంద రూపాయల నేటి విలువ దాదాపు 74 రూపాయలే. పై రూ.17.70 కోట్లు అప్పుడు సుమారు రూ.13.20 కోట్లు అవుతుంది. అయినా పెట్టుబడి కన్నా ఎక్కువే.

ఈ లెక్కలో ఉన్నది ఖజానా ఆదా మాత్రమే. నలభై ఏళ్ల వయస్సులో ఇంటి పెద్ద మంచాన పడితే ఆ కుటుంబం కోల్పోయే కూలి, అమ్ముకునే కొబ్బరి చెట్లు, రోగితో పాటు ఆసుపత్రికి వచ్చే మనిషి పోగొట్టుకునే పని దినాలు, అన్నింటికన్నా మిన్నగా ఆ రోగి కోల్పోయే ఆయుష్షు ఇందులో లేవు. వాటిని చేరిస్తే పదింట ఒకటి అవకాశం ఉన్న పరిశోధన కూడా తప్పక చేపట్టదగినదే అవుతుంది. లెక్క వల్ల ప్రయోజనం చివరి అంకె కాదు. ఏ అంచనా మారితే నిర్ణయం తారుమారు అవుతుందో అది చూపుతుంది. ఇక్కడ తారుమారు చేసేది పరిశోధన విజయావకాశం గనుక, దరఖాస్తుదారును ముందుగా అడగవలసిన ప్రశ్న కూడా అదే. పరిశోధన ప్రతిపాదనలలో బడ్జెట్ పట్టిక పేజీల కొద్దీ ఉంటుంది గాని, ఈ ఒక్క అంచనా మాత్రం తరచు కనిపించదు.

ఉద్దానానికి సంబంధించి అత్యంత చౌకగా లభించగల సమాచారం నేడు మంచినీటి పథకంలోనే ఉన్నది. నీరే కారణమన్న అనుమానంతో రూ.700 కోట్లు వెచ్చించడం జరిగింది. తాగునీటి కొరత దృష్ట్యా కూడా ఆ వ్యయం సమంజసమే. అయితే నదీజలాలు ఏ గ్రామానికి ఎప్పుడు చేరాయి, ఇళ్లలో వాస్తవంగా ఆ నీటినే తాగుతున్నారా, ఆ గ్రామాలలో కొత్తగా వ్యాధి సోకుతున్న వారి సంఖ్య తగ్గుతున్నదా అన్న వివరాలను క్రమబద్ధంగా నమోదు చేస్తే, పథకంలో నూటికి ఒక వంతు ఖర్చుతోనే నీటి పాత్ర ఎంతో తేలిపోతుంది. తగ్గకపోతే ఆ ఫలితం నిరాశ కలిగించవచ్చు గాని వృథా కాదు. ఎన్.టి.ఆర్. జిల్లా ఎ.కొండూరు మండలం తండాలలోను మూత్రపిండాల వ్యాధి ఉన్నది. అక్కడా నదీజలాల సరఫరాయే పరిష్కారంగా భావిస్తున్నారు. ఒక చోట తేలిన సత్యం మరొక చోట కోట్ల రూపాయల నిర్ణయానికి ఉపయోగపడుతుంది. పునాది వివరాలు సేకరించని గ్రామంలో ఈ పోలిక తర్వాత సాధ్యం కాదు గనుక, ఇందులో ఆలస్యానికి కూడా ఒక ధర ఉన్నది.

చవకైన పరిశోధన, పెద్ద ఫలితం

ఈ ప్రాంతంలోనే జరిగిన ఒక పాత పరిశోధనను ఇక్కడ స్మరించుకోవడం అవసరం. శ్రీకాకుళం, విశాఖపట్నం తీర గ్రామాలలో ముఖ్యంగా మహిళలు చుట్టను నిప్పు ఉన్న వైపు నోటిలో పెట్టుకుని కాల్చే అలవాటును "అడ్డపొగ" అంటారు. అంగిలి క్యాన్సర్‌కు, ఈ అలవాటుకు గల సంబంధాన్ని విశాఖ వైద్యులు 1950లలోనే గుర్తించారు. 1971లో వెలువడిన ఒక అధ్యయనం కోసం 10,169 మంది గ్రామీణుల నోటిని పరీక్షించారు. తదుపరి శ్రీకాకుళం, కేరళలోని ఎర్నాకుళం, గుజరాత్‌లోని భావనగర్ జిల్లాలలో 36 వేల మంది పొగాకు వినియోగదారులతో నివారణ ప్రయోగం జరిగింది. దాని ఫలితాలను 1986లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. కొత్త మందు లేదు, ఖరీదైన యంత్రం లేదు. ఇంటింటికీ వెళ్లి నోరు పరీక్షించి, అలవాటు మానవలసిందిగా నచ్చజెప్పడమే అందులో ప్రధానాంశం. పొగాకు మానిన వారిలో క్యాన్సర్‌కు ముందు దశ మచ్చలు తగ్గుముఖం పట్టాయి. ఇటువంటి పరిశోధనపై ఎవరికీ పేటెంటు రాదు, ఏ కంపెనీకీ లాభం ఉండదు. ప్రభుత్వ నిధి వెచ్చించవలసినది సరిగ్గా ఇటువంటి చోటనే.

ప్రపంచ స్థాయిలోనూ ఇదే పరిస్థితి. వర్ధమాన దేశాల ఆరోగ్య పరిశోధనపై ఏర్పాటైన అంతర్జాతీయ కమిషన్ 1990లో ఇచ్చిన నివేదిక ప్రకారం, నివారించదగిన అకాల మరణాల భారంలో 93 శాతం వర్ధమాన దేశాలదే కాగా, ప్రపంచ ఆరోగ్య పరిశోధన నిధులలో వాటి సమస్యలకు దక్కుతున్నది 5 శాతమే. జాతీయ ఆరోగ్య వ్యయంలో కనీసం 2 శాతాన్ని పరిశోధనకు కేటాయించాలని ఆ కమిషన్ సిఫారసు చేసింది. దేశంలో ఆరోగ్య పరిశోధన విభాగం 2007లో ఏర్పాటు కాగా, దాని ఆధ్వర్యాన ఆరోగ్య సాంకేతికతల మూల్యాంకన వ్యవస్థ 2017లో రూపుదిద్దుకుంది. శుక్లాల శస్త్రచికిత్సలో అమర్చే కంటి కటకాలపై ఆ వ్యవస్థ జరిపిన తొలినాటి అధ్యయనంలో, చిన్న కోతతో చేసే శస్త్రచికిత్స, సాధారణ గట్టి కటకమే పెట్టిన ఖర్చుకు ఎక్కువ ప్రయోజనం ఇస్తున్నట్లు తేలింది.

విశాఖ ప్రత్యేకత

ఈ విషయంలో విశాఖకు ఒక అనుకూలత ఉన్నది. ఉక్కు కర్మాగారం సమీపాన 270 ఎకరాలలో నెలకొన్న ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్ 2018 డిసెంబరులో ప్రారంభమైంది. వైద్య పరికరాలపై ప్రపంచ ఆరోగ్య సంస్థ నాలుగవ అంతర్జాతీయ సదస్సు అదే నెలలో ఇక్కడే జరిగింది. ఆ ప్రాంగణంలోని కలాం ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెల్త్ టెక్నాలజీ కార్యక్షేత్రంలో ఆరోగ్య సాంకేతికతల మూల్యాంకనం కూడా ఒకటి. అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ నెలకొల్పిన హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ఉన్నది. అంటే రోగులు, వైద్యులు, పరికరాల తయారీదారులు, లెక్కలు వేయగల నిపుణులు ఒకే నగరంలో ఉన్నారు. కొత్త పరికరం తయారైన తర్వాత ధరను గురించి వాదించడం కన్నా, నమూనా దశలోనే ఎంత ధరకు, ఏ స్థాయి ఆసుపత్రిలో వాడితే ప్రయోజనకరమో లెక్కించడం వల్ల తయారీదారుకూ ప్రభుత్వానికీ మేలు కలుగుతుంది.

నగరానికి సంబంధించినంత వరకు పరిశోధన అవసరం ఎక్కువగా ఉండి, నిధుల ఆసక్తి తక్కువగా ఉన్న రంగం పారిశ్రామిక ఆరోగ్యం. 1933లో ప్రారంభమైన ఓడరేవు, 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం, చమురుశుద్ధి, రసాయన పరిశ్రమలు నగరానికి ఉపాధినిచ్చాయి. బొగ్గు, ఇనుప ఖనిజ ధూళి సమస్యను పాత నగరవాసులు ఏనాటి నుంచో ప్రస్తావిస్తున్నారు. శాశ్వత ఉద్యోగులకు కంపెనీ ఆసుపత్రిలో రికార్డు ఉంటుంది. కాంట్రాక్టు కార్మికుడు యజమానిని మార్చినప్పుడల్లా అతని ఆరోగ్య చరిత్ర మళ్లీ మొదటి పేజీ నుంచి ఆరంభమవుతుంది. 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది మరణించిన దుర్ఘటన, దీర్ఘకాలిక పర్యవేక్షణ ఆవశ్యకతను మరొకసారి ముందుకు తెచ్చింది. భోపాల్‌లో 1984 దుర్ఘటన అనంతరం వైద్య పరిశోధన మండలి ప్రారంభించిన అధ్యయనాలు 1994తో ముగిశాయి. అక్కడ పర్యావరణ ఆరోగ్య జాతీయ పరిశోధనా సంస్థ ఏర్పాటు కావడానికి 2010 వరకు పట్టింది. మధ్యలో తెగిపోయిన సంవత్సరాల సమాచారాన్ని ఎంత డబ్బు పెట్టినా తిరిగి కొనలేము.

ఆరోగ్య ఆర్థికశాస్త్రానికి పరిమితులు లేకపోలేదు. తలసరి ప్రయోజనాన్ని మాత్రమే చూస్తే, జన సాంద్రత తక్కువగా ఉండి, చేరుకోవడానికి ఖర్చు ఎక్కువయ్యే మన్యం గ్రామాలు ప్రతిసారీ జాబితాలో అడుగున ఉండిపోతాయి. పాడేరు ఏజెన్సీలో ఒక సికిల్ సెల్ రోగిని గుర్తించడానికి అయ్యే వ్యయం, నగరంలో ఒక మధుమేహ రోగిని గుర్తించడానికి అయ్యే వ్యయం కన్నా ఎక్కువ కావడం సహజం. 2047 నాటికి సికిల్ సెల్ రక్తహీనతను నిర్మూలించే లక్ష్యంతో కేంద్ర ప్రభుత్వం 2023 జూలై 1న జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించింది. ఇది కేవలం రూపాయల లెక్కపై తీసుకున్న నిర్ణయం కాదు, కాకూడదు కూడా. వెనుకబడిన వర్గాలకు కలిగే ప్రయోజనానికి అదనపు తూకం ఇచ్చే పద్ధతులు ఆ శాస్త్రంలోనే ఉన్నాయి. ఎంత తూకం ఇవ్వాలన్నది మాత్రం శాస్త్రజ్ఞులు కాక ప్రజా ప్రతినిధులు బహిరంగంగా తేల్చవలసిన విషయం.

అంతకన్నా మౌలికమైన ఇబ్బంది సమాచారానిది. 2020లో దేశంలో నమోదైన మరణాలలో వైద్యుని ధ్రువీకరణతో కారణం నమోదైనవి 22.5 శాతం మాత్రమే. ఉద్దానంలో ఇంటివద్ద మరణించిన కూలి మరణానికి కారణం "జ్వరం" అనో, "వృద్ధాప్యం" అనో పుస్తకంలో చేరితే, వ్యాధి భారం లెక్కలో ఆ మనిషి లేనట్లే. ఆసుపత్రులు ఉన్న చోట వ్యాధులు ఎక్కువగాను, లేని చోట తక్కువగాను కనిపించడం ఇటువంటి గణాంకాల సహజ దోషం.

అందువల్ల పరిశోధన నిధుల కేటాయింపుకు ముందే పూర్తి కావలసిన పనులు కొన్ని ఉన్నాయి. 2007లో శ్రీకాకుళం, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాలలో ఆరోగ్యశ్రీ మొదలైన నాటి నుంచి చికిత్సల వివరాలు పోగుపడుతూ వచ్చాయి. డయాలసిస్ కేంద్రాల రిజిస్టర్లు, పింఛను జాబితాలు, మరణాల నమోదు, గ్రామాల వారీ నీటి సరఫరా తేదీలు వేర్వేరు శాఖల వద్ద వేర్వేరుగా ఉన్నాయి. రోగుల పేర్లు బయటపడని రీతిలో వీటిని ఒకదానితో ఒకటి అనుసంధానిస్తే, ఏ గ్రామంలో ఎందరు ఏ సంవత్సరంలో డయాలసిస్‌కు చేరారన్నది తెలుస్తుంది. పలాసలోని పరిశోధన కేంద్రం, విశాఖలోని ఆంధ్ర వైద్య కళాశాల కలిసి చేయదగిన పని ఇది. కొత్త ప్రయోగశాల గాని, విదేశీ యంత్రం గాని ఇందుకు అవసరం లేదు. నాలుగు శాఖల అధికారులు ఒక బల్ల చుట్టూ కూర్చోవడం మాత్రం అవసరం.